సగం చరణం

రాజధాని నుంచి రెండోసారి పిలుపు వచ్చినప్పటి నుంచీ ఛోడక్‌కి ముద్ద మింగుడు పడటం లేదు.

అతనిది నోర్లింగ్ అనే కొండదేశం. పటం మీద వెతికితే వేలి కింద దేశమంతా దాగిపోతుంది. అక్కడ ఇళ్ళన్నీ కొండవాలుల మీదే. ఈ కొండ నుంచి ఆ కొండకి దిగి ఎక్కాలంటే ఒక పూట పడుతుంది. గొంతు దాటడానికి మాత్రం ఒక్క ఊపిరి చాలు. అందుకే కాబోలు, వాళ్ళు పాటని సగమే పాడతారు. ఇవతలివాడు సగం చరణం పాడి ఆగుతాడు. అవతల విన్నవాళ్ళెవరో మిగతా సగం అందుకుంటారు. బార్లీ కోసేవాళ్ళూ అంతే, జడలబర్రెల్ని తోలుకెళ్ళేవాళ్ళూ అంతే. పెళ్ళి సంబంధాలూ అలాగే కుదురుతాయంటారు. పిల్ల రెండో సగం పాడకపోతే పిల్లవాడు మారుమాట లేకుండా ఇంటికి పోవలసిందే. ఇక రెండు సగాలూ ఒక్కడే పాడాడా, అతిథి విస్తట్లో అన్నం కూడా లాక్కుతిన్నవాణ్ణి చూసినట్టు చూస్తారు.

కిందటేడు, నలభై దేశాల పాటల పోటీకి నోర్లింగ్ మొదటిసారి ఛోడక్‌ని పంపింది. అతన్ని మించిన గొంతు ఆ దేశంలో లేదు. అన్ని దీపాల మధ్య నిలబడి సగం చరణం పాడి, అలవాటు ప్రకారం ఆగాడు. ఎదుట పదివేలమంది. ఒక్కరూ పలకలేదు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఎదురుచూశాడు. నోర్లింగ్‌లో టీవీల ముందు కూర్చున్న జనమంతా లేచి నిలబడి రెండో సగం పాడారు. అక్కడ ఎవరికి వినపడుతుంది? ఇచ్చిన మూడు నిమిషాలూ అలాగే గడిచిపోయాయి. న్యాయనిర్ణేతలు సున్నా వేశారు.

ఈసారి పిలుపు వెంట రాజధాని అధికారే ఛోడక్ ఉండే మఠానికి వచ్చి కూర్చున్నాడు.

"రెండు సగాలూ నువ్వే పాడెయ్యవయ్యా. మధ్యలో డప్పులు వాయిద్దాం. మళ్ళీ సున్నా వస్తే ఇక పోటీలకి వెళ్ళేది లేదని మంత్రిగారు తేల్చేశారు. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పు."

ఛోడక్ గురువు దగ్గరికి వెళ్ళాడు. లామా సంఫెల్‌కి ఎనభై దాటాయి. వంటింట్లో వెన్న టీ చిలుకుతున్నారు.

"గురువుగారూ, రెండు సగాలూ నేనే పాడితే తప్పా?"

"టీ తాగావా?"

"నాలుగు గిన్నెలు తాగాను. నేనడిగినదానికి..."

"అయితే నడవగలవు. పద."

ఇద్దరూ కనుమ వైపు ఎక్కారు. గురువుగారు దారిలో మూడుచోట్ల కూర్చున్నారు. రెండుసార్లు ఆయాసం వచ్చి, ఒకసారి రాతి సందులో పూసిన నీలిపువ్వు చూడటానికి.

పైకి చేరితే ఎదుట పెద్ద లోయ, దాని అవతల మరో కొండ. ఆ కొండ నోర్లింగ్‌ది కాదు, పరాయి దేశానిది. వాళ్ళ భాష ఇక్కడ ఎవరికీ రాదు. ఇటువాళ్ళు అటు పోయిందీ లేదు, అటువాళ్ళు ఇటు వచ్చిందీ లేదు.

గురువుగారు వణుకుతున్న గొంతుతో సగం చరణం పాడారు. ఆగారు.

గాలి తప్ప మరేమీ లేదు. మబ్బు నీడ ఒకటి లోయలోకి దిగి, తీరుబడిగా అవతలి వాలు ఎక్కడం మొదలుపెట్టింది.

"వాళ్ళకి మన పద్ధతి ఏం తెలుస్తుంది గురువుగారూ?"

"ఉష్."

మబ్బు నీడ శిఖరం దాటింది. అప్పుడు లేచింది, అవతల్నుంచి, సన్నగా ఒక ఆడపిల్ల గొంతు. మాట ఒక్కటీ అర్థం కాలేదు. వరస మాత్రం అదే. చరణం ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే అందుకుని, పసిబిడ్డని పక్కమీద పడుకోబెట్టినంత మెల్లగా దించి ముగించింది.

ఛోడక్‌కి ఒళ్ళంతా గగుర్పొడిచింది.

"ఎవరా పిల్ల?"

"తెలియదు."

"మీరు ఇక్కడికొచ్చి ఎన్నాళ్ళ నుంచి పాడుతున్నారు?"

"నీ వయసప్పటి నుంచి."

"మొదటిరోజే పలికారా?"

గురువుగారు నవ్వారు. "పాడటం మొదలుపెట్టిన పదకొండో ఏట. అప్పుడు మగగొంతు. నాతోపాటే ముసలిదైంది. కిందటి చలికాలంలో ఆగిపోయింది." ఊపిరి కూడదీసుకున్నారు. "మంచు కరిగాక ఈ పిల్ల మొదలుపెట్టింది."

ఛోడక్ తనకి తెలియకుండానే ఆ కొండకి చేతులు జోడించాడు. ఇద్దరూ మఠానికి దిగి వచ్చారు.

అధికారి గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు.

"సగమే పాడతాను," అన్నాడు ఛోడక్.

అధికారి తల పట్టుకుని గురువుగారి వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి స్వామీ! అంతమందిలో మళ్ళీ ఒక్కరూ పలక్కపోతే?"

గురువుగారు చెప్పులు విప్పి దుమ్ము దులుపుకుంటున్నారు.

"వచ్చే ఏడూ పంపండి," అన్నారు.