ఏ నెలలోనూ లేని రోజు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి రాజు లేడు.

రాజు లేకపోతే కథ ఎట్లా అంటారేమో. మొదట్లో ఉన్నాడు. ఆయనకి పండుగలంటే మహా ఇష్టం. ఆయన పుట్టినరోజు ఒక పండుగ, రాణిగారు నోము పడితే ఒక పండుగ, పట్టపుటేనుగుకి కడుపునొప్పి తగ్గితే ఒక పండుగ. పండుగ రాజుగారిది, పప్పూబియ్యం జనానివి. చూసి చూసి జనం ఒకనాడు కోట చుట్టూ మూగి, "అయ్యా, ఇక తమరు దయచేయండి" అన్నారు. రాజూ రాణీ పడవెక్కి వెళ్ళిపోయారు. సముద్రం మీద పసివాళ్ళెందుకని వాళ్ళ ముగ్గురు కొడుకుల్నీ జనమే ఉంచేసుకున్నారు. పెద్దవాణ్ణి కమ్మరి పెంచాడు. రెండోవాణ్ణి వేటగాడు పెంచాడు. మూడోవాణ్ణి నేతగాడు సంగయ్య మేనల్లుడి లెక్కన పెంచాడు. మూడోవాడి పేరు కుముదసేనుడు. సేనుడనేది రాజుల తోక అని జనం దాన్ని కత్తిరించేశారు. కుముదు మిగిలాడు.

తర్వాత ఊరి పెద్దలంతా సభ చేసి, "రాజు పోయాడు, ఆయన పండుగలు మాత్రం పంచాంగంలో అట్లాగే ఉన్నాయి. కొత్త పంచాంగం రాసుకుందాం" అనుకున్నారు. రాయడానికి శూన్యపాదుడనే గణకుడు ఎక్కణ్ణించో వచ్చాడు. అతను నడిస్తే దుమ్ములో అడుగు పడేది కాదు. అందరూ అతని లెక్కల వంకే చూశారు గానీ కాళ్ళ వంక ఎవరూ చూడలేదు.

పన్నెండు నెలలు, నెలకి ముప్పై రోజులు. రాజుల పేర్లు, రాణుల పేర్లు తీసేసి రోజుకొక పేరు పెట్టారు. నాగలి రోజు, చేట రోజు, తంగేడు రోజు, గాడిద రోజు. ఏ రోజున పుట్టిన బిడ్డకి ఆ రోజు పేరే పెట్టుకునేవాళ్ళు. గాడిద రోజున పుట్టినవాళ్ళకి మాత్రం ఒక పూట ముందు పుట్టినట్టు చెప్పుకోవడానికి అనుమతి ఉండేది.

అంతా పంచాక ఏడాది చివర ఐదు రోజులు మిగిలాయి. వాటిని పండుగలు చేశారు. మంచితనం పండుగ, నేర్పు పండుగ, చెమట పండుగ, మాట పండుగ, మన్నన పండుగ. అన్నింట్లోకీ మాట పండుగంటే జనానికి ప్రాణం. ఆ రోజున సభలో కూర్చునే పెద్దల్ని ఎవరైనా ఏమైనా అడగొచ్చు. పెద్దలు కోప్పడకూడదు, అబద్ధం చెప్పకూడదు. ప్రాణం మీద ప్రమాణం చేశాకే ఎవరికైనా సభలో పీట వేసేవాళ్ళు. శూన్యపాదుడూ ప్రమాణం చేశాడు, పీట వేయించుకున్నాడు.

"నాలుగేళ్ళకోసారి ఆరో రోజు ఒకటి మిగులుతోందే, దాన్నేం చేద్దాం?" అన్నాడు సభపెద్ద వీరన్న.

"దానికి పేరు పెట్టకండి. నా కూలి కింద నాకిచ్చేయండి," అన్నాడు శూన్యపాదుడు.

"ఇంతేనా? తీసుకో నాయనా," అన్నాడు వీరన్న. మడిచెక్క ఇచ్చేటప్పుడు అందులో బావి ఉందా, చెట్టుందా అని చూసుకునేవాళ్ళు, రోజుని మాత్రం ఏమీ చూసుకోకుండా ఇచ్చేశారు.

ఆ రోజు మొదటిసారి తెల్లవారినప్పుడు కోళ్ళు కూయలేదు. ఎండ వచ్చింది గానీ నీడలు రాలేదు. గడప దాటినవాళ్ళు మళ్ళీ గడప తొక్కలేదు. అంతకంటే వింత ఇంకొకటుంది. మర్నాడు ఎవరూ ఏడవలేదు. "మీ ఆయనేడమ్మా?" అని అడిగితే, "ఇప్పుడే బయటికెళ్ళాడు, వచ్చేస్తాడు," అని కంచం పెట్టుకుని కూర్చునేవాళ్ళు. సంవత్సరాలు గడిచినా అదే మాట. ఆ రోజు గడప దాటకూడదని మాత్రం అందరికీ తెలుసు, ఎందుకో ఎవరికీ గుర్తు లేదు.

కొన్నేళ్ళకి కుముదు పెద్దన్న కత్తి చేయించుకుని, ఆ రోజుని గెలిస్తే రాజ్యం మళ్ళీ మనదేనని గడప దాటాడు. రాలేదు. ఇంకో నాలుగేళ్ళకి రెండో అన్న విల్లు తీసుకుని దాటాడు. అతనూ రాలేదు.

కుముదుకి రాజ్యం మీద ధ్యాస లేదు. అతని ధ్యాసంతా సంగయ్య కూతురు తంగేడు మీద. పెళ్ళి కుదిరింది. పెళ్ళిచీరకని ఎర్రరంగు వేసిన నూలు పెరట్లో ఆరేశారు. తీరా చూస్తే తెల్లారింది ఆ పేరులేని రోజు.

"అయ్యో, నూలు బయటే ఉండిపోయింది. రంగు చెడిపోతుంది," అంది తంగేడు.

"చెడిపోనీ. వెళ్ళకు."

"మూడడుగులే కదా. ఇదిగో, ఈ ఎర్రదారం నీ చేతికి కట్టుకో. రెండో కొస నా చేతిలో ఉంటుంది. నేను తప్పిపోతే గాలం వేసినట్టు లాగు," అని నవ్వి గడప దాటింది.

దారం బిగుసుకుంది. కుముదు లాగాడు. రాలేదు. గడప అవతల మూరెడు దూరం దాకా దారం కనిపిస్తోంది, ఆ తర్వాత గాలిలోనే ఆగిపోయింది. తెగినట్టు కాదు, ఎవరో అవతల పట్టుకున్నట్టు.

"మామా, తంగేడు..." అన్నాడు మర్నాడు.

"ఇప్పుడే బయటికెళ్ళిందిరా, వచ్చేస్తుంది," అన్నాడు సంగయ్య, కూతురికి కంచం పెడుతూ.

చేతికి ఆ దారం ఉండబట్టి కుముదు ఒక్కడే మరిచిపోలేదు. దారం కొస మగ్గం గుంజకి కట్టుకున్నాడు. మగ్గం ముందు కూర్చున్నప్పుడు ఒక్కోసారి ఎవరూ తాకకుండానే అది చిన్నగా కదిలేది. ఆరో రోజు దగ్గరపడకుండా అడిగి లాభం లేదని కాచుకుని ఉన్నాడు. అట్లా నాలుగేళ్ళు గడిచి, ఆ రోజుకి ముందొచ్చే మాట పండుగ వచ్చింది.

జనం పెద్దల్ని ఆడుకుంటున్నారు. "వీరన్నా, నీ బొజ్జకి వేరే పీట వేయించమంటావా?" అని ఒకడంటే, "వేయించు, ఇది ఇరుకైపోయింది," అని వీరన్న నవ్వుతున్నాడు. కుముదు లేచి శూన్యపాదుడి ముందు నిలబడ్డాడు.

"గణకుడుగారూ, తంగేడు ఎక్కడ?"

అందరూ అటు తిరిగారు. ఆ ప్రశ్న అడగాలని ఎవరికీ తోచనే లేదు మరి.

"నా రోజులో ఉంది," అన్నాడు శూన్యపాదుడు. అబద్ధం చెప్పడానికి లేదు.

"మీ ప్రాణం ఎక్కడ?"

"ఆ రోజులోనే. ఏడు సముద్రాల అవతల గుహలో చిలుక ఉంది. అందులో ఉంది."

"అది పోయేదెట్లా?"

శూన్యపాదుడు నవ్వాడు. "చిలుక మెడ విరిస్తే పోతుంది. నేతగాడివి కదా, వేళ్ళు బలంగానే ఉంటాయి. రా."

ఆరో రోజు తెల్లవారింది. కుముదు దారం విప్పి చేతికి కట్టుకుని గడప దాటాడు.

ఎండ ఉంది, వేడి లేదు. ఒకావిడ ముగ్గు పెడుతోంది. పిండి వేళ్ళ సందున రాలుతోంది గానీ నేలని చేరడం లేదు. ఒక ముసలాయన చుట్ట ముట్టించాడు. పొగ మూతి దగ్గరే ముద్దగా నిలిచిపోయింది. మూడడుగుల దూరంలో తంగేడు, భుజం మీద ఎర్రటి నూలు. కుముదు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తడికుండలా చల్లగా ఉంది. ఎంత లాగినా కదల్లేదు, అతని వంక చూడలేదు. దారం ఆమె వేళ్ళలోంచి ఇంకా ముందుకి పోతోంది. కుముదు దాని వెంట నడిచాడు.

ఆ రోజున ఆగిపోయిన మనుషులకి మాట ఉండదు. అది జంతువుల దగ్గరికి వెళ్ళిపోతుంది.

"ఎక్కు," అంది ఒక గాడిద. "నా రోజున కూడా అందరూ నాకు మూటలెత్తారు. నువ్వొక్కడివే దించి వీపు రుద్దావు." కుముదు ఎక్కాడు. గాడిద అతన్ని సముద్రం దాకా మోసింది. "వెనక నుంచి ఎవరు పిలిచినా ఊఁ అనకు. అంటే నువ్వూ ఆగిపోతావు," అని చెప్పి ఆగింది.

"ఎక్కు," అంది ఒక తాబేలు. "నా రోజున అందరూ నన్ను కూరకి వెతికారు. నువ్వొక్కడివే నీళ్ళలో వదిలావు." కుముదు ఎక్కాడు. సూర్యుడు కదలని రోజది. ఏడు సముద్రాలైనా దాటొచ్చు, పొద్దు గడవదు.

పిల్లలూ, ఇంతవరకూ ఊఁ కొడుతూ వింటున్నారు కదా. ఈ కాస్త చోట కొట్టకండి.

రెండో సముద్రం మీద వెనక నుంచి తంగేడు గొంతు. "కుముదూ, నన్ను వదిలేసి పోతున్నావా?" అతను పలకలేదు. నాలుగో సముద్రం మీద అమ్మ గొంతు. ఆ గొంతు అతనికి గుర్తు లేదు, అయినా అమ్మదేనని తెలిసింది. "నాన్నా, అన్నం చల్లారిపోతోంది." అతను పలకలేదు. ఆరో సముద్రం మీద వినిపించింది అతని గొంతే. "నేను ఇక్కడుంటే, అక్కడ వెళుతున్నది ఎవరు?" కుముదు దారాన్ని పళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు.

ఊఁ, ఇక ఫరవాలేదు, ఒడ్డు వచ్చింది.

గుహ ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు ఎత్తిన కత్తితో, ఒకడు లాగిన వింటితో. అన్నలే. లోపల కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. "నా వెంట రా," అంది ఒక గబ్బిలం. "నేను పిట్టనా జంతువునా అని సభ తగువులాడి నాకు రోజే ఇవ్వలేదు. నువ్వు మగ్గం కొట్టంలో చూరిచ్చావు." దాని రెక్కల చప్పుడు పట్టుకుని కుముదు లోపలికి నడిచాడు.

గుహ చివర చిన్న వెలుగులో బూడిదరంగు చిలుక. కుముదుని చూడగానే అది తనంతట తానే మెడ చాచింది. "ఆలస్యమెందుకు? విరువు."

కుముదు చెయ్యి చాచాడు, ఆపాడు. చావడానికి ఇంత తొందరపడే పిట్టని అతను ఎక్కడా చూడలేదు. కిందికి చూశాడు. తన దారం చిలుక కాలికి ముడిపడి ఉంది. అదొక్కటే కాదు, ఆగిపోయినవాళ్ళకి ఒక్కొక్కటి చొప్పున వందల దారాలు, మగ్గం మీద పడుగులాగా. నేతగాడి కన్ను కదా, చటుక్కున తెలిసింది. గుంజ పీకేస్తే పడుగంతా కూలుతుంది. చిలుక చస్తే శూన్యపాదుడితో పాటు ఈ రోజూ చస్తుంది, ఇందులో ఉన్నవాళ్ళూ చస్తారు.

"నీ మెడ నాకెందుకు? ఇవాళ రోజు పేరేమిటో చెప్పు," అన్నాడు.

చిలుక మెడ ముడుచుకుంది. "దీనికి పేరు లేదు."

"అయితే నేను పెడతాను."

"నువ్వెవరు పెట్టడానికి? పేరు పెట్టాలంటే సభ చేతులెత్తాలి. ఇక్కడ సభేది?" ఆ మాట అన్నది చిలుక కాదు. గుహ వాకిట్లో శూన్యపాదుడు నిలబడి ఉన్నాడు.

"ఉంది. నీ చిలుక కాలికే ఉంది," అని కుముదు దారాలన్నిటి మీదా అరచెయ్యి ఆనించాడు. "అమ్మలారా, అయ్యలారా. ఈ రోజు పేరు తిరిగొచ్చేవాళ్ళ పండుగ. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

ఏమీ కదల్లేదు. శూన్యపాదుడు పళ్ళు బయటపెట్టి లోపలికి అడుగు వేశాడు. అప్పుడు ఒక దారం చిన్నగా లాగింది, ఎర్రది. దాని పక్కది లాగింది. ఇంకొకటి. ఇంకొకటి. ఏడు సముద్రాల అవతల ముగ్గు పెట్టే ఆవిడ చెయ్యెత్తింది, చుట్ట ముసలాయన చెయ్యెత్తాడు. వాకిట్లో పెద్దన్న కత్తి చెయ్యి ఎత్తే ఉంది, అదీ లెక్కలోకి వచ్చింది.

శూన్యపాదుడు కిందికి చూసుకున్నాడు. వాకిటి ఇసకలో మొదటిసారి అతని అడుగు పడింది. దానివంక వింతగా చూస్తూ ఉండిపోయాడు. అల వచ్చి అడుగుని తుడిచేసింది. అడుగుతోపాటే అతన్నీ తుడిచేసింది. చిలుక పచ్చబడి, కాలు విదుల్చుకుని, జామచెట్టేదైనా దొరుకుతుందేమోనని ఎగిరిపోయింది.

సూర్యుడు కదిలాడు. పిండి నేల మీద పడింది. చుట్టపొగ పైకి పోయింది. అందరికీ నీడలు మొలిచాయి. కుముదు అన్నలతో సహా తాబేలెక్కి, పొద్దు వాలకముందే ఇల్లు చేరాడు.

"ఇంతసేపూ దారం లాగుతుంటే పలకవేం?" అంది తంగేడు. తర్వాత అతని మొహం చూసి, "నీకీ గడ్డం ఎప్పుడొచ్చింది?" అంది.

సంగయ్య గుమ్మంలోకి వచ్చి, "చెప్పానా, ఇప్పుడే బయటికెళ్ళిందని," అన్నాడు. అనేసి, కూతురి కంచం చూశాడు. నాలుగేళ్ళుగా తోమి తోమి దాని అంచు అరిగిపోయింది. గడపలో కూలబడి అప్పుడు ఏడ్చాడు. ఆ వేళ ఊళ్ళో ఇంటింటా అట్లాగే ఏడ్చారు, ఇంటింటా నవ్వారు.

అన్నలిద్దరూ వీరన్నని, "మా సింహాసనం ఏదీ?" అని అడిగారు. "వడ్లు కొలిచేవాళ్ళకి వేశాం నాయనా. కావాలంటే కాసేపు కూర్చుని కొలవండి," అన్నాడు వీరన్న.

తంగేడుకీ కుముదుకీ ఆ రోజే పెళ్ళి చేశారు. ఆ రోజుకి వర్జ్యం లేదు, దుర్ముహూర్తం లేదు, ఎప్పుడు తాళి కట్టినా మంచిదే. రంగు ఆరని నూలుతో చీర నేయడం కుదరక, పెళ్ళికూతురు నూలునే మెడలో వేసుకుంది. జనం సంతోషం పట్టలేక కుముదుని రాజుగా ఉండమన్నారు. కుముదు వద్దన్నాడు. వాళ్ళు వినలేదు. చివరికి ఆ ఒక్క రోజుకి రాజయ్యేట్టు ఒప్పందమైంది. నాలుగేళ్ళకోసారి పొద్దున్నే కిరీటం పెట్టుకునేవాడు, సాయంత్రం తీసి మగ్గం ముందు కూర్చునేవాడు. తల నెరిసేదాకా అట్లాగే ఏలాడు. అంతకాలం ఏలినా జనం విసుక్కోని రాజు అతనొక్కడే.

తిరిగొచ్చేవాళ్ళ పండుగనాడు ఇప్పటికీ ఆ రాజ్యంలో ప్రతి గడపకీ ఒక ఎర్రదారం కట్టి, కొస బయట వదులుతారు. అది ఎప్పుడైనా చిన్నగా కదిలితే ఎవరని అడగరు. ఇంకో కంచం పెట్టి, తలుపు తీస్తారు.