చోటు మారిన బటన్

కళ్ళు మూసుకున్నా చెయ్యి వెళ్ళే చోట తలుపు లేకపోతే ఏం చేస్తారర్రా? ఎవరినైనా అడుగుతామంటారా? తొందరపడకండి, ముందు వినండి.

అనగనగా కనిగిరిలో ఒక ప్రెస్సు. అందులో పెళ్ళి కార్డులు కంపోజ్ చేసే సువర్చల. ఇంట్లో ఆమెతో మాట్లాడేవాళ్ళు లేరు. కార్డుల కోసం వచ్చేవాళ్ళు ఆడే నాలుగు మాటలే రోజంతటికీ. చూపు కాగితం మీద, చెయ్యి మౌసు మీద. స్టార్ట్ బటన్ ఉండే ఎడమ మూలన, తెర అంచుకి ఒక బొట్టుబిళ్ళ కూడా అంటించుకుంది.

ఒక సోమవారం కంప్యూటర్ తనంతట తానే అప్‌డేట్ అయింది. బటన్ నడిమధ్యకు జరిగింది. సువర్చల బొట్టుబిళ్ళ దగ్గరే నొక్కింది, నొక్కింది, ఏమీ రాలేదు. మంగళవారం తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఎక్కడుందో కనపడలేదు. బుధవారం ఓనరు పేరయ్యగారు వచ్చి, చేతిలో ఉన్న పెళ్ళి కార్డు రేపటికి కాకపోతే ఇక పనంతా ఒంగోలు పంపిస్తానన్నారు. పని పోతే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే ఆ నాలుగు మాటలూ పోతాయి.

ఇన్నేళ్ళ అనుభవం పెట్టుకుని ఎవర్ని అడగను అనుకుంది. తెర ముందు ఒక్కతే క్యారేజీ విప్పింది. తినకుండానే మూసింది.

అప్పుడు పక్క జిరాక్స్ షాపు అజీమా కత్తెర కోసం వచ్చింది. ఖాళీ మూలన బొట్టుబిళ్ళను చూసింది. నవ్వలేదు. స్టూలు జరుపుకుని కూర్చుంది.

"మౌసు నువ్వే పట్టుకో అక్కా, నేను చెప్తా."

తెర అడుగున ఉండే పట్టీ మీద కుడి క్లిక్ కొట్టి, సెట్టింగుల్లో బటన్‌ని ఎడమకు జరపమంది. ఆ తర్వాత, ఏది కనపడకపోయినా వెతుక్కోకుండా, బటన్ నొక్కి దాని పేరులో రెండక్షరాలు కొట్టమంది. ఆ తర్వాత, రోజూ వాడే నాలుగింటినీ ఎప్పుడూ కళ్ళెదుటే ఉండేలా ఆ పట్టీకి పిన్ చేయించింది. మిగతావి రోజుకొకటి నేర్చుకుందువులే అంది.

నీకెవరు నేర్పారే అని సువర్చల అడిగింది.

"ఎవరూ లేరక్కా. నా కంప్యూటరూ ఇలాగే మారిపోతే, గోడ అవతల నేనూ రెండు రోజులు ఏడుస్తూ వెతుక్కున్నా. నిన్నడిగితే ఇదీ రాదా అంటావేమోనని."

సాయంత్రానికి కార్డు అచ్చుకెళ్ళింది. కుర్చీ నిలిచింది. కానీ ఒకే గోడకి ఇటొకరు, అటొకరు ఒంటరిగా అల్లాడిన ఆ రోజుల్ని వాళ్ళకెవరు తిరిగిస్తారు? చెప్పండి.

కథ కంచి దారి పట్టింది,
కునుకు మన కంటికి పట్టింది.

పొద్దున్నే లేచి, మీ వీధిలో తెర ముందు తికమకపడుతున్నది ఎవరో చూడండి. అడిగేదాకా ఆగకండి, వెళ్ళి పక్కన కూర్చోండి. మౌసు మాత్రం లాక్కోకండి.