టీ తాగేదాకా

విజయనగరంలో చయనులు మాస్టారి వసారాలో ప్రతి ఆదివారం ఫొటోల సరదా ఉన్న నలుగురూ చేరేవారు. ఎవరైనా తాము తీసిన ఫొటో వేయించి తెస్తే, మాస్టారు దాన్ని బట్టల క్లిప్పుతో దండేనికి తగిలించి, అందరికీ టీ ఇప్పించేవారు. చేతిలో గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆ ఫొటో గురించి ఎవరూ నోరు విప్పకూడదు. ఆ ఇంట్లో నియమం అదొక్కటే. ఎందుకని అడిగితే, "చల్లారిపోతుంది, తాగండి" అనేవారే తప్ప కారణం చెప్పేవారు కాదు.

శిష్యుల్లో తారకేశ్‌కి ఇది వొట్టి చాదస్తంగా తోచేది. అతని కన్ను చురుకైనది, నోరు అంతకన్నా చురుకైనది. తప్పు రెప్పపాటులో కనబడుతుంటే గ్లాసెడు టీ అయ్యేదాకా ఆగడమెందుకని అతని వాదన. ఒక ఆదివారం రిటైరైన నర్సు వరహాలమ్మగారు తన అక్క ఫొటో తెచ్చింది. మిగతావాళ్లు బుద్ధిగా టీ ఊదుకుంటూండగానే తారకేశ్ అనేశాడు: "ఇందులో గోడమీది క్యాలెండరు తప్ప ఏదీ స్పష్టంగా లేదు. కావాలంటే తిథులు చదువుకోవచ్చు."

అందరూ గొల్లున నవ్వారు. వెంటనే పాపమనిపించింది కాబోలు, "బాగుందండీ, చాలా బాగుంది" అని తలా ఒక మాటా అన్నారు. వరహాలమ్మగారు కూడా నవ్వింది. పై ఆదివారం మాత్రం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఆవిడ వదిలేసి వెళ్లిన ఫొటో దండెం మీదే ఉండిపోయింది.

తారకేశ్‌కి అది లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఒప్పుకోవడానికి మనసు రాక, ప్రశ్నగా మార్చి గురువు ముందు పెట్టాడు.

"నేనన్నది అబద్ధమా మాస్టారూ? అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలంటారు కదా. బాగాలేనిదాన్ని బాగుందనాలా?"

మాస్టారు లేచి దండెం దగ్గరికి నడిచారు. ఆ ఫొటో తీసి అతని చేతిలో పెట్టి, చెప్పులు వేసుకున్నారు.

"పద, ఇచ్చేసి వద్దాం."

వరహాలమ్మగారింట్లో అక్క సామాను సర్దుకుంటోంది. సాయంత్రం బండికి భిలాయి వెళ్లిపోతోందట. ఆవిడ ముఖం చూసి తారకేశ్ సిగ్గుపడ్డాడు. చేతిలో ఉన్నది ఈవిడ ఫొటోయే, అయినా అతనికి గుర్తున్నది క్యాలెండరొక్కటే. ఇప్పుడు చూస్తే, మసగ్గానే అయినా, ఆ ముఖం చెల్లెలివైపు చూసి విరగబడి నవ్వుతోంది.

"క్షమించండమ్మా. నేనలా అనకుండా ఉండాల్సింది," అన్నాడు.

"అదేటి బాబూ!" అంది వరహాలమ్మగారు. "బాగుందన్నోళ్ల మాట నాకెందుకూ పనికిరాలేదు. పనికొచ్చే మాట నువ్వొక్కడివే అన్నావు. అదీ సగంలో ఆపేసి నవ్వేశావు. ఇంటికొచ్చి మళ్లీ తీశాను, మళ్లీ క్యాలెండరే వచ్చింది. ఇంక అక్కెల్లిపోతంది. ఈ వయసులో మళ్లీ ఎప్పుడొస్తాదో."

తారకేశ్ ఫొటోను మళ్లీ చూశాడు, ఈసారి తీరిగ్గా. మనిషిని నడిమధ్యన నిలబెట్టకండని మాస్టారు చెప్పిన పాఠాన్ని ఆవిడ తు.చ. తప్పకుండా పాటించి, అక్కను పక్కకు జరిపింది. కెమెరా మాత్రం తన అలవాటు కొద్దీ నడిమధ్యన ఉన్నదాన్నే స్పష్టంగా పట్టుకుంది. అక్కడున్నది క్యాలెండరు. పాఠం విన్నందుకే ఆవిడ ఫొటో చెడింది. అది ఆ రోజు అతనికి తట్టలేదు.

"ముందు అక్కగారిని మధ్యలో పెట్టుకోండమ్మా. మీట సగం నొక్కితే కెమెరా ఆవిణ్ణే పట్టుకుంటుంది. వేలు తియ్యకుండా, అప్పుడు కెమెరాని పక్కకు జరిపి, పూర్తిగా నొక్కండి," అన్నాడు.

వరహాలమ్మగారు కెమెరా తెచ్చి గురిపెట్టింది, వేలు జారింది. మళ్లీ జారింది.

"నా బండెల్లిపోయేదాకా తీస్తావేటే?" అంటూ అక్క ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మీదే మీట పడింది.

తెరమీద అక్క ముఖం చూసుకుని వరహాలమ్మగారు కెమెరాను అక్క చేతిలో పెట్టింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆదివారం వస్తానని చెప్పింది.

తిరిగి వస్తూ దారిలో తారకేశ్ ఉండబట్టలేక అడిగాడు: "అయితే ఆ రోజు నా మాటలో తప్పు లేదంటారా మాస్టారూ?"

"మాటలో తప్పేం లేదు నాయనా," అన్నారు మాస్టారు. "నీ గ్లాసులో టీయే, అలా నిండుగా ఉండిపోయింది."