ఏనుగు ముక్కులో లడ్డూ

అనగనగా ఒక అడవిలో ఒక పొడుగాటి ముక్కు ఉండేది. దాని వెనకాల గజ్జెలమ్మ అనే ఏనుగు కూడా ఉండేదనుకోండి, కానీ మన కథంతా ముక్కులోనే.

ఆ ముక్కులో కణాలు ఇళ్లు కట్టుకుని కాపురం ఉండేవి. మన ముక్కులోనూ ఉంటాయి, వేలు పెట్టి వెతక్కండి. ఆ వీధిలో ఒకటే కట్టుబాటు. కొత్త ముఖం కనిపిస్తే కెవ్వుమని అరవాలి. ఉత్త అనుమానమైనా సరే అరవాలి. ఆ అరుపు వినగానే పక్కిళ్లవాళ్లు తలుపులు వేసుకుంటారు, కాపలా కాసే తెల్ల కణాలు కర్రలు పట్టుకుని వస్తాయి.

ఒకరోజు బుల్లెమ్మ అనే కణం ఇంటికి ఒక వైరస్ వచ్చింది. దాని నెత్తిన ముళ్ల కిరీటం. నుదుట మాత్రం ఆ వీధివాళ్లు పెట్టుకునే బొట్టే.

"పిన్నీ, బాగున్నావా?" అంది వైరస్.

'బొట్టు మనదే. ఈ కిరీటం మనవాళ్లది కాదే' అనుకుంది బుల్లెమ్మ. అయినా ఇంటికొచ్చినవాళ్ల ముందు అరిస్తే ఏం బాగుంటుందని మొహమాటపడింది.

"ఇంతకీ ఎవరమ్మాయివే..." అని అడగబోయేలోపు వైరస్ ఆమె నోట్లో ఒక లడ్డూ కుక్కింది.

"ముందు తిను పిన్నీ, మాటలు తర్వాత."

బుల్లెమ్మ లడ్డూ నములుతూ ఉండగానే వైరస్ వంటింట్లో దూరి తనలాంటివాటినే గంపెడు తయారుచేసింది. అవి పక్కింటికి వెళ్లాయి. అక్కడా పిన్నీ, అక్కడా లడ్డూ. మూడో ఇంట్లోనూ అంతే. వీధిలో అందరి నోళ్లూ నిండిపోయాయి, అరిచే దిక్కు లేదు.

చివరికి బుల్లెమ్మ ఎలాగో లడ్డూ మింగి ఒక్క కేక పెట్టింది. తెల్ల కణాలు పరుగున వచ్చాయి. వీధి నిండా వైరస్‌లను చూసి వాటికి మతిపోయింది. ఎవరు కనిపిస్తే వాళ్లను బాదాయి. వైరస్‌లు చచ్చాయి గానీ, వాటితోపాటు తలుపులు విరిగాయి, కుండలు పగిలాయి.

"ఒరేయ్, నేను మీ బుల్లెమ్మనురా" అన్నా వినిపించుకోలేదు.

బయట గజ్జెలమ్మ ముక్కు గుమ్మడికాయలా వాచింది. ఒళ్లు కాలిపోయింది. ఊపిరాడక పాపం కళ్లు తేలేసింది.

"అత్తా, నోటితో పీల్చు" అంటూ పక్క చెట్టు మీది కోతి దిగివచ్చి అరిటాకుతో విసిరింది. గజ్జెలమ్మ చావు తప్పి బయటపడింది. ముక్కులో ఇళ్లు మళ్లీ కట్టుకునేసరికి అందరి నడుములూ పడిపోయాయి.

తర్వాత ఒకరోజు గడపలో ఏదో కదిలింది. బుల్లెమ్మ ఈసారి మొహమాటపడలేదు, కెవ్వుమంది. వీధంతా తలుపులు మూసుకున్నాయి. తెల్ల కణాలు వచ్చాయి. గజ్జెలమ్మ ఒక్క తుమ్ము తుమ్మింది. కొమ్మ మీది కోతి కింద పడింది.

"అది ఉత్త దుమ్ము, పిన్నీ" అన్నాయి తెల్ల కణాలు.

"పోనీండిరా, తుమ్ముతో పోయింది. పోయినసారి మర్యాదకు పోతే ముక్కే పోబోయింది" అంది బుల్లెమ్మ.

నీతి: అనుమానం వచ్చినప్పుడే నోరు విప్పాలి. మొహమాటపడి ఆలస్యం చేస్తే, సాయానికి వచ్చినవాళ్ల చేతుల్లోనే ఇల్లు కూలుతుంది.