ప్రమాణం చేయని చెంగయ్య

కృష్ణకు దక్షిణాన, ఇప్పుడు పేరు కూడా ఎవరికీ గుర్తులేని ఒకానొక రాజ్యంలో కీర్తిధ్వజుడనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గాని, పొగడ్త చెవిన పడితే మాత్రం ఇంకే మాటా వినిపించుకునేవాడు కాదు. ఆయన కొలువులో గుండన అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజును నవ్వించడం గుండన ఉద్యోగం. ఆ నవ్వులో కాస్త చేదుమందు కలిపి ఇవ్వడం అతని అలవాటు.

ఒక ఏడాది ఎండాకాలంలో రాజు పొరుగునున్న కొండవరం మీదికి దండెత్తి, ఊరు తగలబెట్టి, గెలిచి వచ్చాడు. దొరికినవాళ్ళను బందీలుగా తోలుకొచ్చాడు. రాజగురువు సోమయాజులవారు కోటవాకిట హారతి పట్టి, ఈ గెలుపు తమరిది కాదు, తమలోని దైవాంశది అన్నారు. గెలుపు నీది కాదంటే ఏ రాజుకైనా కోపం రావాలి. దైవాంశ అన్న మాట తియ్యగా ఉండడంతో కీర్తిధ్వజుడికి రాలేదు.

ఆ తీపి తలకెక్కాక ఊళ్ళో దండోరా వేయించాడు. రాజ్యంలోని ప్రతి మనిషీ కోటగుడికి వచ్చి, వెలుగుతున్న కర్పూరం మీద చెయ్యి చాచి, దేవుడున్నాడని నమ్ముతున్నాను, ఆయన అంశ మా రాజులో ఉందని నమ్ముతున్నాను అని ప్రమాణం చెయ్యాలి. చెయ్యనివాడికి సున్నపుబొట్లు పెట్టి, గాడిద మీద ఊరేగించి, పొలిమేర దాటిస్తారు.

గుండన కూడా వెళ్ళి వరసలో నిలుచున్నాడు. అతను మామూలు భక్తుడు కాడు. పొద్దున్నే తన ఇలవేల్పు నరసింహస్వామికి దణ్ణం పెట్టుకోనిదే మంచినీళ్ళు కూడా ముట్టడు. అలాంటివాడికి ప్రమాణం ఒక లెక్కా అనుకుంటూ నిలుచున్నాడు. ముందున్నది బియ్యంలో రాళ్ళు కలిపి అమ్మే షావుకారు. అతను గుడి మారుమోగేలా నమ్ముతున్నానన్నాడు. వెనకనున్న బంటు, ఏం చెప్పాలి, ఎవరిని నమ్మాలట అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. అవతల మంటపంలో కొండవరం బందీలను కూర్చోబెట్టారు. ప్రమాణం చేసినవాళ్ళకే గంజి పోస్తున్నారు. వాళ్ళు చేతులు కర్పూరం మీద పెట్టి, కళ్ళు గంజికుండ మీద పెట్టి, చెప్పమన్నదల్లా చెబుతున్నారు.

అది చూసి గుండనకు ఒళ్ళు మండిపోయింది. నా స్వామిని తీసుకొచ్చి గంజికుండకు కాపలా పెట్టారు కదరా అనుకున్నాడు. తన వంతు వచ్చేసరికి రోజూ ప్రేమగా అనుకునే మాటే ఆవేళ అబద్ధంలా నోట్లోంచి వచ్చింది.

ఆ మర్నాడు చెంగయ్య వంతు వచ్చింది. చెంగయ్య రాజుగారి క్షురకుడు. రోజూ పొద్దున్నే రాజుకు గడ్డం గీస్తాడు. అంతకుముందే, తెలవారుతుండగా, కోటగుడి తలుపులు తీసే వేళకు సన్నాయి వాయిస్తాడు. అతని తండ్రి వాయించాడు, తాత వాయించాడు, అతనూ వాయిస్తున్నాడు. అతని భూపాలరాగం వింటే గుండనకు దేవుడు నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటున్నట్టే ఉండేది. అయితే చెంగయ్యకు దేవుడి మీద నమ్మకం లేదు. ఆ సంగతి అతను ఎవరికీ చాటనూ లేదు, ఎవరి దగ్గరా దాచనూ లేదు.

కర్పూరం ముందు నిలబెట్టి ప్రమాణం చెయ్యమంటే చెంగయ్య నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు. చాలా ఏళ్ళు దేవుణ్ణి వెతికాననీ, తనకు కనబడలేదనీ, కనబడ్డాడన్నవాళ్ళను తను కాదననుగాని, కనబడ్డాడని తనచేత చెప్పించొద్దనీ అన్నాడు. సరే, రాజుగారి మాటేమిటి అని అడిగారు.

"రోజూ దగ్గరనుంచి చూసేవాణ్ణి. ఆ సంగతి నన్ను అడక్కండి" అన్నాడు చెంగయ్య.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వే అతని కొంప ముంచింది. బంట్లు రెక్కలు విరిచికట్టి సభకు లాక్కొచ్చారు.

రాజుకు చెంగయ్యంటే ఇష్టమే. కుర్రతనంలో మొదటిసారి మీసం దిద్దింది చెంగయ్య చెయ్యే. కాని నిండుసభలో వదిలేస్తే దైవాంశ ఏమవుతుంది? సోమయాజులవారు లేచి, ఇన్నాళ్ళూ ఈ నాస్తికుడు గుడిలో సన్నాయి వాయించి దేవుణ్ణే మోసం చేశాడన్నారు. మోసం ఏముందండీ, పని ఇది, బాగా చెయ్యాలని చేశాను, విన్నవాళ్ళు సంతోషించారు, నాకూ ఆ వేళంటే ఇష్టం అన్నాడు చెంగయ్య.

గుండన ఆగలేకపోయాడు. నమ్మకం లేకుండా నమ్ముతున్నానన్న షావుకారు గౌరవంగా ఇంటికెళ్ళాడనీ, అబద్ధమాడనన్నవాడు కట్లతో నిలబడ్డాడనీ, ఈ న్యాయం ఏ శాస్త్రంలో ఉందో చెప్పమనీ నిలదీశాడు. సోమయాజులవారు చిరునవ్వు నవ్వారు.

"గుండనా, దేవుడు లేడనేవాడికి పాపభీతి ఉండదు. పాపభీతి లేనివాడు ఏ పనికైనా వెనుదీయడు. అటువంటివాణ్ణి దేనిలోనూ నమ్మకూడదు."

రాజు తల ఊపాడు. "అవును. దేవుణ్ణి నమ్మనివాడు నమ్మదగినవాడు కాడు. రేపు మధ్యాహ్నం గాడిద ఎక్కించండి."

గుండన మరి వాదించలేదు. కోపం అణచుకుని, గొంతు చల్లగా పెట్టి, అయితే ప్రమాణం చేసినవాణ్ణి దేనిలోనైనా నమ్మవచ్చునా అని అడిగాడు. సందేహమెందుకు అన్నారు సోమయాజులవారు. రాజూ అదే మాట అన్నాడు. చాలా మంచిది ప్రభూ, రేపు పొద్దున తమ క్షౌరానికి ప్రమాణం చేసిన మనిషిని నేను తీసుకొస్తాను, గురువుగారు కూడా దయచేస్తే బాగుంటుంది అని చెప్పి గుండన సెలవు తీసుకున్నాడు.

మర్నాడు తెల్లవారింది. కోటగుడి తలుపులు సన్నాయి సడి లేకుండా తెరుచుకున్నాయి. ముసలి అర్చకుడు గంట చేత్తో పట్టుకుని, వాయించాలో వద్దో తెలియనట్టు కాసేపు వాకిట్లోనే నిలబడ్డాడు. గుండన అది చూశాడు. స్వామికి దణ్ణం పెట్టుకోబోతే చేతులు బరువనిపించాయి. నిన్ను నమ్మినవాళ్ళమని చెప్పుకునేవాళ్ళం చేసిన పని చూశావా అని మాత్రం అడిగి, అక్కణ్ణుంచి నేరుగా బందీల మంటపానికి వెళ్ళాడు.

ఎండ కాస్త ఎక్కేసరికి రాజు స్నానాలగది ముందు పీట మీద కూర్చున్నాడు. సోమయాజులవారూ, ఇద్దరు ముగ్గురు మంత్రులూ పక్కన నిలుచున్నారు. గుండన ఒక సన్నపాటి మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. పేరు పోలన. కులవృత్తి క్షౌరమే. నుదుట ఇంత విభూతి. గుడిలో ముమ్మారు ప్రమాణం చేశాడనీ, అందరికంటే గట్టిగా చేశాడనీ గుండన విన్నవించాడు. సోమయాజులవారు సంతోషించి, ఇదీ భక్తుడి ముఖం అన్నారు.

పోలన రాజు గడ్డం తడిపాడు. తోలు మీద కత్తి నూరాడు. బాగానే నూరాడు. రాజు తల వెనక్కి వాల్చి, పొద్దుపోవడానికి, ఏ ఊరు నీది అని అడిగాడు.

"కొండవరం, ప్రభూ."

రాజు తల మళ్ళీ ముందుకు వచ్చింది. కొండవరంలో నీ ఇల్లెక్కడ అన్నాడు. ఇప్పుడు లేదండి, కోటగోడ పక్కన ఉండేది అన్నాడు పోలన. కత్తి పట్టిన అతని చెయ్యి కొద్దిగా వణుకుతోంది. అది కోపమో, భయమో, ఆకలో ఎవరికీ తెలియలేదు.

రాజు తువ్వాలు లాగి గొంతు చుట్టూ కప్పుకున్నాడు. గుండన ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టాడు.

"ఆగారేం ప్రభూ? ప్రమాణం చేసినవాడే. దేనిలోనైనా నమ్మవచ్చునని నిన్న తమరే అన్నారు."

రాజు సోమయాజులవారి వైపు చూశాడు. ముందు గురువుగారికి చెయ్యమను, వారి తరవాత నేను అన్నాడు. సోమయాజులవారు రెండడుగులు వెనక్కి వేశారు. తాను నిన్న సాయంత్రమే దీక్ష పట్టాననీ, మండలం రోజులు గడ్డం తీయకూడదనీ సెలవిచ్చారు. ఒక మంత్రికి దగ్గు వచ్చింది. ఇంకొకాయన చూపు పైకప్పుకు తిప్పుకున్నాడు. గుండన వాళ్ళను కూడా పీట మీదికి ఆహ్వానించాడు. ఎవరికీ ఆవేళ గడ్డం గీయించుకోవలసిన అవసరం కనబడలేదు.

రాజు గడ్డం మీది నీళ్ళు ఆరిపోయాయి.

"చెంగయ్యను పిలవండి" అన్నాడు రాజు.

"అతను దేవుణ్ణి నమ్మడు ప్రభూ."

"వాడు నమ్మకపోతే పోనీ. నేను వాణ్ణి నమ్ముతాను."

గుండన ఎదురుచూస్తున్న మాట అదే. అయినా అతనికి నవ్వు రాలేదు. నిన్నటి నుంచి అణచిపెట్టిన కోపమంతా పైకి వచ్చింది.

"ఈ మాట మీద తమచేత ఎవరు ప్రమాణం చేయించారు ప్రభూ? ఏ కర్పూరం వెలిగించారు? ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఏళ్ళ తరబడి ఆ చెయ్యి తమ గొంతు మీద మెత్తగా నడిచింది గనక నమ్మకం దానంతటదే పుట్టింది. పోలన మీద పుట్టమంటే పుట్టలేదు. రాజాజ్ఞ ఉన్నా పుట్టలేదు, గురువాక్యం ఉన్నా పుట్టలేదు. తమ మనసులో తమరు పుట్టించుకోలేనిదాన్ని జనం మనసుల్లో దండోరా వేసి పుట్టిస్తారా?"

రాజు ముఖం ఎర్రబడింది. గుండన ఆగలేదు.

"విభూతి పెట్టుకోవడం, గుడికి పోవడం, సన్నాయి వాయించడం మతం. పదిమందితో కలిసి చేస్తాం. తమరు ఆజ్ఞ ఇస్తే అది రేపటికల్లా రెట్టింపు కూడా అవుతుంది. దేవుడున్నాడా లేడా అన్నది ఎవరి మనసుకు తోచినట్టు వారు నమ్మే సంగతి. నాకు ఉన్నాడని తోచింది, చెంగయ్యకు తోచలేదు. విశ్వాసం ఈ రెండూ కాదు. కళ్ళు మూసుకుని గొంతు అప్పగించడం విశ్వాసం. గుడిలో జనం తమకు ఇచ్చింది ఈ మూడింట్లో ఏదీ కాదు ప్రభూ. పన్ను కట్టారు. నా దేవుడి పేరు చెప్పి పన్ను వసూలు చేయించారు. నాస్తికుడు నా స్వామిని ఏనాడూ ఇంత మాట అనలేదు."

ఇది మితిమీరిన మాట అని గుండనకు తెలుసు. గాడిద తనకే సిద్ధమవుతుందేమోనని కూడా అనుకున్నాడు. రాజు మాత్రం చెంగయ్యను తెమ్మని మళ్ళీ సైగ చేశాడు.

కట్లు విప్పి చెంగయ్యను తీసుకొచ్చారు. మణికట్ల మీద తాడు ఒరుసుకున్న గీతలున్నాయి. అతను అటూ ఇటూ చూసి, పోలన చేతిలోని కత్తి అందుకుని, అంచు గోటి మీద ఆనించి చూసుకుని, బాగా నూరావు అన్నాడు. పోలన పక్కకు తప్పుకుని గోడకు ఆనుకున్నాడు.

రాజు అతన్నే చూస్తూ, "చెంగయ్యా, నిన్ను గాడిద ఎక్కించమన్నది నేనే. నీకు పాపభీతి లేదంటారు. ఇప్పుడు నీ చెయ్యిని ఆపేది ఏమిటి?" అన్నాడు.

చెంగయ్యకు ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. "ఆపడమెందుకు ప్రభూ? తమరు తల వాల్చి కూర్చుంటే నేను గడ్డం గీస్తాను. నన్ను నమ్మి కూర్చున్న మనిషికి ద్రోహం చెయ్యకుండా ఉండటానికి ఇంకొకరి భయం కావాలా?"

రాజు తువ్వాలు తీసేసి, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు. చెంగయ్య గడ్డం మళ్ళీ తడిపి గీశాడు. పని పూర్తయి, చెంగయ్య అద్దం పట్టాక, రాజు తన నున్నటి బుగ్గలు తడుముకుని, ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. సోమయాజులవారి దీక్ష తలుచుకుని ఇంకా నవ్వాడు. గురువుగారూ, మండలం పూర్తయ్యేదాకా ఆ దీక్ష వదలకండి, రోజూ నేనే వచ్చి చూస్తాను అన్నాడు.

తరవాత మెడలోని ముత్యాలహారం తీసి గుండన మెడలో వేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. ప్రమాణం ఎత్తివేయించమనీ, కొండవరం బందీలను వదిలి, వాళ్ళ ఇళ్ళు ఖజానా ఖర్చుతో కట్టించమనీ గుండన అడిగాడు. మొదటిదానికి రాజు వెంటనే ఒప్పుకున్నాడు. రెండోదానికి గోడకు ఆనుకున్న పోలన వైపు చూశాడు. అతని చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. రాజు చూపు దించుకుని, అలాగే కానివ్వండి అన్నాడు.

బయటికి వచ్చాక చెంగయ్య, గుండన కలిసి నడిచారు. కొంత దూరం పోయాక చెంగయ్య అడిగాడు.

"రాజుగారికి అర్థమైందంటారా, అయ్యా?"

"లేదు. గొంతు మీదికి వచ్చింది గనక భయం వేసింది. మళ్ళీ ఎవరైనా హారతి పడితే మొదటికొస్తాడు" అన్నాడు గుండన. హారం మెడలో వేడిగా, బరువుగా ఉంది. అతని కోపం ఇంకా చల్లారలేదు. "నీకేమవుతుందోనని పొద్దున స్వామితో పోట్లాట పెట్టుకున్నాను."

చెంగయ్య నవ్వాడు. "మీరు పోట్లాడటానికైనా ఆయన ఉంటే బాగుణ్ణు" అన్నాడు.

ఇద్దరూ మంటపం వైపు తిరిగారు. అక్కడ బందీల సంకెళ్ళు విప్పుతున్నారు.