వీధికి వీపు పెట్టిన కోరలయ్య

చెప్పండి పిల్లలూ, వాన వెలిశాక మీ వీధిలో ఏం చూశారు? మోకాలిలోతు బురద చూశారా? పంచె ఎగగట్టుకుని, "ఎవరో ఒకరు బాగుచేస్తారులే" అంటూ గోడవార నుంచి జారుకునే పెద్దమనుషుల్ని చూశారా? చూసే ఉంటారు. అలాంటి వీధి అడవిలోనూ ఒకటి ఉండేది. అలాంటి పెద్దమనిషీ ఒకడు ఉండేవాడు.

అది నల్లగుట్ట అడవి. గుట్ట దిగువన ఒక వాగు, ఆ వాగు పక్కనే ఒక వరస ఇళ్ళు, ఇళ్ళ ముందు గుట్టమీదికి పోయే ఒక మట్టి వీధి. ఆ వీధిలో ముళ్ళపంది, కుందేలు, ఉడుము, ఎలుగుబంటి, జెర్రిపోతు, అడవిపంది ఇరుగుపొరుగుగా బతికేవి. వాకిళ్ళన్నీ వీధివైపు ఉండేవి. ఇళ్ళ వీపులన్నీ వాగువైపు ఉండేవి. తాతలనాటి నుంచీ అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు.

ముళ్ళపంది పేరు సూదమ్మ. వీధంతా ఆమెను అవ్వా అని పిలిచేది. మాట కటువు, మనసు మెత్తన. కరువులు చూసింది, కార్చిచ్చులు చూసింది. కానీ కిందటి ఏడాది వానాకాలం చూసింది మాత్రం ఆమె కళ్ళముందు నుంచి పోవడం లేదు.

ఆ రోజు వాగు పొంగింది. అందరూ గుట్టమీదికి పరుగెత్తారు. వీధి నిండా ఊబిలాంటి బురద. కుందేలు చెంగమ్మ పన్నెండు మంది పిల్లలతో బయల్దేరింది. ఆఖరి పిల్ల నడివీధిలో దిగబడింది. సూదమ్మ వెనక్కి వచ్చి దాని చెవి పట్టుకుంది. లాగింది. బురదలో తడిసిన ఆ చెవి చేతిలోంచి జారిపోయింది.

గుట్టమీద చెంగమ్మ పిల్లల్ని లెక్కపెట్టుకుంది. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టుకుంది. మళ్ళీ పదకొండే.

ఆ వానాకాలం పోయింది, చలి పోయింది, ఎండలు వచ్చాయి. వాగు ఎండి గులకరాళ్ళు తేలాయి. ఒకరోజు పొద్దున్నే సూదమ్మ అందరినీ వీధిలోకి పిలిచింది.

"ఆరుద్ర పురుగులు నేలమీద కనబడేలోగా ఈ వీధికి రాయి పరవాలి" అంది. "రాయి వాగులో ఉంది. మోసే వీపులు మనకున్నాయి. ఇక కావలసింది ఎవరు ఎంత మోయాలన్న లెక్క."

"ఇంటికి ఇన్ని తట్టలని సమానంగా పంచేద్దాం" అన్నాడు ఉడుము.

"నీ ఇంటి ముందు వీధి నీ తోకంత. ఎలుగుబంటి ఇంటి ముందు వీధి చింతచెట్టంత. సమానం ఎలా అవుతుంది?" అంది సూదమ్మ. "ఎవరి ఇంటి ముందు వీధి ఎంత పొడవుంటే, ఆ ఇంటివాళ్ళు అంత రాయి మోయాలి. వీధి బాగుపడితే ముందు బాగుపడేది ఆ ఇల్లే కదా!"

అందరూ తలలూపారు. కొలవడానికి జెర్రిపోతు ముందుకొచ్చాడు. "మోయడానికి నాకు చేతుల్లేవు. కొలవడానికి ఒళ్ళుంది. అదే నా వాటా" అన్నాడు.

ఒక్కొక్క ఇంటి ముందూ జెర్రిపోతు బారుగా పడుకుంటూ పోయాడు. ఒక పాము పొడవుకి ఇరవై తట్టల రాయి. ఉడుముకి ఒక పాము. చెంగమ్మకీ ఒక పామే. సూదమ్మకి రెండు. ఎలుగుబంటికి అయిదు. చివరికి అడవిపంది కోరలయ్య ఇంటి దగ్గర జెర్రిపోతు ఎనిమిదిసార్లు పడుకుని లేచాడు.

"ఎనిమిది పాములు. నూట అరవై తట్టలు" అన్నాడు రొప్పుతూ.

కోరలయ్య ఎగిరిపడ్డాడు. "చెంగమ్మ ఇంటి ముందు సాగి పడుకున్నావు, నా ఇంటి ముందు ముడుచుకు పడుకున్నావు! నేనేమన్నా గుడ్డివాడినా?"

"ముడుచుకుంటే నీ కళ్ళకి కనబడేది కదా మామా! మళ్ళీ పడుకోనా?"

"అక్కర్లేదు. లెక్కే తప్పు. మా ఇంట్లో నేనొక్కణ్ణే. ఆ కుందేలు ఇంట్లో పన్నెండు తలకాయలు. వీధి తొక్కేది వాళ్ళా, నేనా?"

సూదమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. "తలకాయలతో వీధి తొక్కరు కోరలయ్యా, కాళ్ళతో తొక్కుతారు. నీ ఒక్క డెక్క దిగబడిన గుంటలో చెంగమ్మ పిల్లలు ముగ్గురు స్నానం చెయ్యొచ్చు. గుట్టమీద నుంచి నువ్వు దొర్లించుకొచ్చే దుంపలన్నీ ఏ దారిన వస్తున్నాయి? గాల్లోనా?"

అందరూ నవ్వారు. కోరలయ్యకి ఆ నవ్వు గుచ్చుకుంది. విసురుగా ఇంట్లోకి పోయాడు.

మర్నాటి నుంచి పని మొదలైంది. ఎలుగుబంటి తట్ట మీద తట్ట పెట్టి మోశాడు. ఉడుము ఒక్కొక్క రాయినీ కరిచిపట్టుకుని తెచ్చాడు. ఉడుంపట్టు కదా, జారనివ్వలేదు. చెంగమ్మ మాత్రం నాలుగో తట్టకే కూలబడింది.

"అవ్వా, పిల్లలకి మేత చూసుకుంటూ ఇరవై తట్టలు నావల్ల కాదు. నా ముందు భాగం వదిలెయ్యండి. బురదలోనే పడి ఉంటాను" అంది.

"ఏడ్చావులే" అని కసిరింది సూదమ్మ. "వీధిలో ఒకచోట గొయ్యి వదిలితే అది వీధి కాదు, ఉచ్చు. ఈ ఏడాది ఏడు తట్టలు మొయ్యి. పై ఏడాది ఏడు. ఆపై ఏడాది ఆరు. మూడు ఎండాకాలాల్లో తీర్చు. అంతవరకు నీ మిగతా రాయి మేం సర్దుతాం. ఊరికే కాదు, గుర్తుంచుకుంటాం."

చెంగమ్మ కళ్ళు తుడుచుకుని అయిదో తట్ట ఎత్తుకుంది.

మూడోరోజు వీధి నడిమికి వచ్చేసరికి అందరూ నోళ్ళు తెరిచారు. కోరలయ్య తన ఇంటి ముందు వాకిలిని బండరాళ్ళతో మూసేశాడు. వాటిమీద గుబురుగా రేగుకంప పేర్చాడు. ఇంటి వెనక, వాగువైపు, పెద్ద వాకిలి కొత్తగా తవ్వుకున్నాడు. ఆ వాకిట్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఇదేం పని మామా?" అన్నాడు జెర్రిపోతు.

"వీధికి మొహం ఉన్నవాళ్ళు కదా రాయి మోయాల్సింది! నా ఇంటి మొహం ఇప్పుడు వాగుకి. వీధికి ఉన్నది నా వీపు. వీపుకి కూడా పన్నేస్తారా?" అన్నాడు కోరలయ్య. తన తెలివికి తనే మురిసిపోయి గుర్రుగుర్రుమని నవ్వాడు.

ఉడుము నోట్లోని రాయి వదిలేశాడు. "అయితే నాకూ అక్కర్లేదు. నేనూ చెట్టుతొర్రకి మారిపోతా. నా ఇంటి మొహం ఆకాశానికి!"

"నేను మాత్రం ఎందుకు చావాలి?" అని ఎలుగుబంటి తట్ట కింద పడేశాడు. "అయిదు పాముల బారు మోసి నడుం పడిపోయింది. ఆయనేమో కాలు మీద కాలేసుకున్నాడు!"

ఒక్క గడియలో వీధి ఖాళీ అయిపోయేలా ఉంది. సూదమ్మ ఎలుగుబంటి పడేసిన తట్ట ఎత్తుకుంది. వంగిన నడుంతో నడిచి, కోరలయ్య మూసేసిన వాకిలి ముందు ఆ రాళ్ళు కుమ్మరించింది. అప్పుడు వెనక్కి తిరిగింది.

"వాడు తప్పుకున్నాడని మీరూ తప్పుకుంటారా? తప్పుకోండి! రేపు వాగు పొంగితే ఎవడు మోశాడు, ఎవడు తప్పుకున్నాడు అని అడిగి వస్తుందా? కిందటేడు ఆ పసిదాని చెవి జారింది నా చేతిలోంచి. ఈ చేతిలోంచి! ఇంకోసారి జారితే నేను బతకలేను. వాడి ఎనిమిది పాముల బారు కూడా మనమే పరుద్దాం. వాడి కోసం కాదు. దారి తెగకూడదు కనుక."

"మరి వాడి వాటా గాలికి పోయినట్టేనా?" అని గొణిగాడు ఉడుము.

"పోదు. వాడి గుమ్మానికి అంటుకునే ఉంటుంది. వాడు ఏనాడు వీధివైపు వాకిలి తెరిస్తే ఆనాడే నూట అరవై తట్టలూ మోస్తాడు. వింటున్నావా కోరలయ్యా?"

"విన్నానులే ముసలమ్మా. తెరిచినప్పుడు కదా!" అని ఇంటి వెనక నుంచి కేక వచ్చింది.

"ఇంకోమాట కూడా విను. మన తాతలు వాగుకి వీపు పెట్టింది వాగు మొహం చూడలేక కాదు. ఆ వాకిలి మూసెయ్యి."

జవాబుగా మళ్ళీ ఆ గుర్రుగుర్రు నవ్వే వినిపించింది.

ఎలుగుబంటి తల దించుకుని తట్ట అందుకున్నాడు. ఉడుము రాయి కరుచుకున్నాడు. అందరూ కోరలయ్య వంతూ కలిపి మోశారు. నడుములు విరిగాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. వీధి గట్టిపడింది. గుట్ట కింది మలుపు ఒక్కటే మిగిలింది. దానికి సరిపడా ఓపిక ఎవరి ఒంట్లోనూ మిగల్లేదు. అంతలోనే ఒక పొద్దున ఎర్రటి ఆరుద్ర పురుగులు నేలమీద బిలబిలమన్నాయి.

నాలుగు రోజులు ముసురు పట్టింది. అయిదోరోజు మధ్యాహ్నం వాగు పెద్దగా గర్జించింది.

"గుట్టమీదికి!" అని అరిచింది సూదమ్మ.

ఈసారి ఎవరూ దిగబడలేదు. కాళ్ళకింద రాయి టకటకమంది. చెంగమ్మ పిల్లలు దాని మీద గెంతుకుంటూ పోయారు. రాయి పడని ఆ ఒక్క మలుపులో మాత్రం ఎలుగుబంటి నడుంలోతు బురదలో నిలబడ్డాడు. పిల్లల్ని ఒక్కొక్కరినే పైకి అందించాడు. పైన చెంగమ్మ లెక్కపెట్టుకుంది. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టుకుంది. పదకొండే! కిందటేడు ఆ లెక్కకి గుండె పగిలింది. ఈ ఏడు అదే లెక్కకి ఆమె నవ్వింది.

అప్పుడే దిగువ నుంచి గావుకేక వినిపించింది.

కోరలయ్య ఇల్లు మునుగుతోంది. కొత్త వాకిట్లోంచి వాగు నేరుగా ఇంట్లోకి దూకింది. ఏడాదంతా కూడబెట్టిన దుంపలు ఒక్కొక్కటే తేలి, ఆ వాకిట్లోంచే వాగులోకి కొట్టుకుపోతున్నాయి. వెనక నుంచి పోదామంటే వరద. ముందు నుంచి పోదామంటే తను పేర్చిన బండలు, తను వేసిన కంప. కోరలతో పొడిచాడు. కోర విరిగింది. నీళ్ళు మెడదాకా వచ్చాయి.

"వీధికి వీపు పెట్టినవాడికి మనం మొహం చూపించాలా?" అన్నాడు ఉడుము.

సూదమ్మ అప్పటికే ఎలుగుబంటి వీపు మీదుగా మలుపు దాటి సగం వీధి దిగిపోయింది. బురదలో అయితే ఆ ముసలి కాళ్ళు చేరేవి కావు. రాతిమీద కాబట్టి చేరాయి. వెనకే ఎలుగుబంటి, ఆ వెనక సిగ్గుపడుతూ ఉడుము వచ్చారు. ముళ్ళపందికి ముళ్ళంటే లెక్కేమిటి? కంపలోకి దూరి రెండు చేతులా పక్కకి ఈడ్చింది. ఎలుగుబంటి బండలు దొర్లించాడు. సందు పడగానే ఉడుము లోపలికి దూరి కోరలయ్య చెవి కరిచిపట్టాడు.

"వదిలావంటే చంపుతాను!" అని అరిచింది సూదమ్మ.

ఉడుము వదల్లేదు. అందరూ కలిసి లాగారు. అంత పెద్ద పందీ కుండలోంచి ముద్ద జారినట్టు వీధిలోకి జారి పడ్డాడు.

చాలాసేపు రొప్పాడు. తన ఒంటికింద ఉన్న రాళ్ళను తడిమి చూసుకున్నాడు. అవి తను మోయని రాళ్ళు. వెనక్కి తిరిగి చూశాడు. బండలు లేవు, కంప లేదు. ఇంటి ముందు వాకిలి బార్లా తెరిచి ఉంది.

"అవ్వా" అన్నాడు. ముసలమ్మా అని అనలేదు. "నా ఇంటి మొహం ఇప్పుడెటుంది?"

"నువ్వే చెప్పు" అంది సూదమ్మ.

కోరలయ్య తల వంచుకున్నాడు. "నూట అరవై తట్టలు" అన్నాడు.

"వరద తియ్యగానే మొదలెట్టు. ఆ మలుపు నీ కోసమే కాచుకునుంది. ముందు లేచి గుట్ట ఎక్కు. సిగ్గు తర్వాత పడుదువుగాని."

వరద తీసింది. కోరలయ్య మోశాడు. విరిగిన కోరతో, ఖాళీ కడుపుతో, ఒక్క తట్ట కూడా తగ్గకుండా మోశాడు. ఎలుగుబంటి తన దుంపల్లో సగం తెచ్చి పెట్టాడు. మలుపు గట్టిపడింది. మరుసటి ఎండాకాలం చెంగమ్మ ఒప్పుకున్న మాట ప్రకారం ఏడు తట్టలతో వచ్చింది. ఎనిమిదో తట్ట కోరలయ్య ఎత్తుకొచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

నీతి: నలుగురి దారికి తన వాటా ఎగ్గొట్టినవాడు తన గుమ్మాన్నే తను మూసుకుంటాడు, లేనివాడికి గడువివ్వాలి, ఉన్నవాడు తప్పించుకోకూడదు, దారి మాత్రం తెగకూడదు. మరి మీ గుమ్మం ముందున్న రాయి, పిల్లలూ, ఎవరి వీపు మోసింది?