అన్ని గీతలూ ఒకే చుక్కకి

తిరుమలేశు వేసిన పటం చూడముచ్చటగా ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

జిల్లాలోని నూట నలభై సర్కారు బళ్ళకి కంప్యూటర్ నెట్‌వర్క్ వెయ్యాలి. అతను బడికొక చుక్క పెట్టాడు. ప్రతి చుక్క నుంచీ ఒక గీత తీశాడు. గీతలన్నీ పోయి జిల్లా విద్యాశాఖ ఆఫీసు అనే పెద్ద చుక్కలో కలుస్తాయి. పాఠాలు, పరీక్షలు, మార్కులు అన్నీ అక్కడి మిషన్లోనే. ఏ పిల్ల పాఠంలో గుండెకాయ బొమ్మ చూడాలన్నా ఆ గీత మీద ఆఫీసుదాకా పోయి రావాల్సిందే. పక్క గదిలోని కంప్యూటర్‌కి ఒక్క పేజీ పంపాలన్నా అంతే.

సాయంత్రం ఆ పటం మీద పెద్దాఫీసరు సంతకం పెడతాడు. పెట్టాక ఐదేళ్ళు దాన్ని కదిపే మొనగాడు ఉండడు. తిరుమలేశు పేరుతో పైకి వెళ్తున్న మొదటి పటం ఇది. సంతకానికి ముందు గురువుకు చూపిద్దామని వచ్చాడు. తప్పులు దిద్దించుకోడానికని పైకి అన్నాడు గానీ, వచ్చింది మెచ్చుకోలు కోసం.

గురువు జైబున్నీసా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైంది. ఇంటి ముందు గదిలో కుర్రాళ్ళకి లైన్ల పని నేర్పుతుంది. మాట తక్కువ, పని ఎక్కువ. శిష్యులంతా "అమ్మా" అనే పిలుస్తారు.

ఆ రోజు అక్కడ ఎస్తేరు టీచర్ కూడా కూర్చుని ఉంది. గుట్టల అవతల, పటంలో అట్టచివరి చుక్క ఈవిడ బడే. ఈవిడే హెడ్‌మిస్ట్రెస్. పటం వేస్తున్నవాడు జైబున్నీసా శిష్యుడని తెలిసి బస్సెక్కి వచ్చింది.

"సార్, మా దోవలో రోడ్డు పనులు జరుగుతాండాయి. వారంలో రెండు దినాలు కేబుల్ తెగుతాది. తెగిందంటే తెర మీద చక్రం తిరుగుతానే ఉంటాది. పదో తరగతి పిల్లోళ్ళు దాన్నే చూసుకుంటా కూర్చుంటారు. పరీక్షలొస్తాండాయి. ఆ పాఠాలేవో ఒక పెట్టెలో ఎక్కించి మా బళ్ళోనే పెట్టియ్యండి సార్."

"కుదరదు టీచర్," అన్నాడు తిరుమలేశు. "బళ్ళో పెడితే దాన్ని చూసుకునేదెవరు? ఇంతకుముందు మిషన్లిస్తే ఏమైంది? పాఠాలు తీసేసి సినిమాలు ఎక్కించుకున్నారు. ఇప్పుడట్లా కాదు. ఏ బళ్ళో ఎవరేం చూస్తాండారో ఆఫీసులో కూర్చుంటే తెలిసిపోతాది."

"నేను సినిమాలు చూస్తానని ఎవరు చెప్పినారు సార్?"

"మిమ్మల్నని కాదు. పద్ధతంటే అందరికీ ఒకటే కదా."

మొహాన కొట్టి, ఆ తర్వాత 'మిమ్మల్నని కాదు' అనడం చదువుకున్నవాళ్ళకి బాగా వచ్చు. ఎస్తేరు టీచర్ కొంగు లాగి నడుముకి గట్టిగా దోపుకుంది.

జైబున్నీసా పటం వైపు చాలాసేపు చూసింది. బాగుందనలేదు, బాలేదనలేదు.

"అన్నం తిని పోదురు రాండి," అంది.

నేల మీద పొడుగాటి దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచింది. శిష్యుణ్ణీ టీచర్నీ ఈ కొసన పక్కపక్కనే కూర్చోబెట్టింది. బగారా అన్నం, దాల్చా, ఊరగాయ జాడీ, నీళ్ళ చెంబు అన్నీ వాళ్ళ ముందే పెట్టింది. తను మాత్రం పోయి ఆ కొసన కూర్చుంది.

"ఈ పూట తిరుమలేశు పటం ప్రకారం తిందాం," అంది. "ఎవరికేం కావాలన్నా నన్నే అడగాల. ఏదిచ్చినా నా చేతి మీదుగానే పోవాల."

తిరుమలేశు పొంగిపోయాడు. తన పటం అమ్మ ఇంట్లో భోజనాల దాకా వచ్చింది మరి.

"అమ్మా, ఊరగాయ."

జాడీ ఎస్తేరు టీచర్ మోకాలి పక్కనే ఉంది. ఆవిడ దాన్ని పట్టుకుని లేచి, ఆ కొసకి పోయి జైబున్నీసా చేతిలో పెట్టింది. జైబున్నీసా మూత తీసి లోపలికి తొంగి చూసి, మళ్ళీ మూత పెట్టి ఇచ్చేసింది. జాడీ అంత దూరమూ తిరిగొచ్చి తిరుమలేశు ముందు కూర్చుంది.

"ఆలస్యమైనా పద్ధతిగా ఉందమ్మా," అన్నాడు.

"ఉండాది," అంది జైబున్నీసా.

ఇంతలో వీధిలోంచి "గ్యాస్!" అని కేక వినబడింది. జైబున్నీసా లేచి బయటికి పోయింది. పోయిన మనిషి రాలేదు. సిలిండర్ దింపించింది, లీకుందేమో చూడమంది, దింపినవాడి కూతురి కాన్పు సంగతి అడగడం మొదలుపెట్టింది.

లోపల తిరుమలేశు దాల్చాలో సొరకాయ ముక్కనుకుని పచ్చిమిరపకాయ నమిలాడు.

చెవులు ఎర్రబడ్డాయి. ఎక్కిళ్ళు మొదలయ్యాయి. నీళ్ళ చెంబు జానెడు దూరంలో ఉంది, ఎస్తేరు టీచర్ కంచం పక్కన. చెయ్యి చాపబోయి ఆపుకున్నాడు. అందుకుంటే పటం ఓడిపోతుంది. గుమ్మం వైపు తిరిగి "అమ్మా" అన్నాడు. ఆ గొంతు గుమ్మందాకా కూడా పోలేదు.

"లైను తెగినట్టుండాది సార్," అంది ఎస్తేరు టీచర్. "చక్రం తిరుగుతాంది."

బదులు చెప్పడానికి అతని దగ్గర ఊపిరి లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారి కంచంలో పడుతున్నాయి. అది చూసి ఆవిడ చెంబు ఎత్తి గ్లాసులోకి వంచింది.

"తాగు నాయనా. తాగు ముందు."

గటగటా తాగాడు. ఇంకో గ్లాసు పోసింది. అదీ తాగాడు.

జైబున్నీసా చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి ఖాళీ గ్లాసు చూసింది.

"ఎవర్నడిగి ఇచ్చినావమ్మా?"

"ఎవర్నడగాలమ్మా? పక్కనే ఉండా కదా."

జైబున్నీసా తలూపింది. శిష్యుడి వైపు చూడనైనా చూడలేదు.

తిరుమలేశు కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఎక్కిళ్ళు ఆగాయి.

"టీచర్," అన్నాడు చివరికి. "మీ బడి తాళాలు ఎవరి దగ్గరుంటాయి?"

"నా దగ్గరే. ఇంకెవరి దగ్గరుంటాయి?"

"మధ్యాహ్నం భోజనాల బియ్యం?"

"నా దగ్గరే."

"పరీక్ష పేపర్లు?"

ఆవిడ అతని మొహంలోకి చూసింది. "అవీ నా దగ్గరే."

ఎడం చేత్తో పటం దగ్గరికి లాక్కున్నాడు. ఉన్న గీతల జోలికి పోలేదు. మార్కులు ఆఫీసుకి పోవాల్సిందే. అట్టచివరి చుక్క పక్కన ఒక చిన్న పెట్టె గీశాడు. ఎడం చెయ్యి కదా, వంకరగా వచ్చింది. కాసేపు ఆగి, దాని పక్క చుక్కకీ ఒకటి గీశాడు. ఆ పక్కదానికీ.

జైబున్నీసా వంటింట్లోంచి పెరుగు గిన్నె తెచ్చి వాళ్ళిద్దరి మధ్యా పెట్టింది.

"వేసుకోండి," అంది. "నన్నడగొద్దు."